సంపు కడిగినట్టు కొలను కడగొద్దు

పండగ దగ్గరికొస్తే హైదరాబాద్ ఇళ్లలో సంపు కడుగుతారు. మోటారు పెట్టి నీళ్లు తోడేస్తారు, గోడలు తోమిస్తారు, గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చల్లి రెండుసార్లు కడిగి, నల్లా వచ్చాక మళ్లీ నింపుకుంటారు. తాగే నీళ్ల విషయంలో ఇది మంచి అలవాటే. చిక్కల్లా పెరట్లో కోయి చేపల కొలను ఉన్నవాళ్లు అదే ఊపులో దాన్నీ కడిగేయడంతోనే వస్తుంది. చేపల్ని బకెట్లలోకి తీస్తారు, తొట్టి అడుగు తెల్లగా మెరిసేదాకా రుద్దుతారు, ఫిల్టర్‌లోని స్పాంజీల్ని నల్లా కింద పెట్టి మురికి పోయేదాకా పిండుతారు, కొత్త నీళ్లు నింపి చేపల్ని వదులుతారు. సాయంత్రానికి నీళ్లు అద్దంలా ఉంటాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి ఒక చేప మూలకు చేరుతుంది, ఇంకోటి పైకి తేలి నోరు తెరుస్తుంది. ఎండ దెబ్బ అంటారు కొందరు, దిష్టి అంటారు ఇంకొందరు. చేపను దెబ్బతీసింది ఆ శుభ్రమే.

నగరంలోని కంచన్‌బాగ్ వాళ్లకు ఈ సంగతి వివరించడం నిజానికి తేలిక. మిశ్ర ధాతు నిగమ్, రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, భారత్ డైనమిక్స్ ఉన్న పేట ఇది. లోహంలో పది లక్షల వంతుల్లో ఒక వంతు మలినం ఉన్నా పట్టుకునే మనుషులు ఇక్కడి క్వార్టర్లలో, చుట్టుపక్కల కాలనీల్లో తరాలుగా ఉంటున్నారు. చేపల కొలను లెక్క కూడా అదే కొలమానంలో నడుస్తుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల్లో ఒక వంతు. అందులో సగానికి, పావుకు చేపలు బతకడమో చావడమో తేలిపోతుంది. కంటికి కనిపించే మురికికి ఈ లెక్కలో చోటు తక్కువ.

కోయి ఎక్కడి నుంచో వచ్చిన వింత జీవి కాదు. మన చేపల చెరువుల్లో పెంచే బంగారు తీగకు రంగు దిద్దిన బంధువు. జపాన్‌లోని నీగాతా కొండ ప్రాంతంలో, వరి మళ్లకు నీళ్లిచ్చే చెరువుల్లో పెంచుకున్న తిండి చేపల్లో ఎరుపు, తెలుపు మచ్చలవి కనిపిస్తే, 19వ శతాబ్దంలో అక్కడి రైతులు వాటిని ఏరి పెంచారు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టాకే మిగతా జపాన్‌కు వాటి సంగతి తెలిసింది. కాబట్టి ఆకివీడు, కైకలూరు వైపు చేపల రైతుకు తెలిసిన నీటి విద్య కోయికీ పనికొస్తుంది. పట్నంలో కోయి పెంచేవాళ్లు విదేశీ వీడియోలు చూసి నేర్చుకునే దానికన్నా, కొల్లేరు పక్కన చెరువు చేసే మనిషితో ఒక పూట మాట్లాడితే ఎక్కువ నేర్చుకుంటారని నా నమ్మకం. ఆయన పొద్దున లేచి ముందు చేపను చూడడు, నీటిని చూస్తాడు.

ఆ నీటిలో ఏం జరుగుతుందో చూద్దాం. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజని చాలావరకు అమ్మోనియాగా మొప్పల్లోంచే నీటిలోకి వచ్చేస్తుంది. అది విషం. కొలను గోడల మీద, గులకరాళ్ల మీద, అన్నింటికన్నా ఎక్కువగా ఫిల్టర్‌లోని స్పాంజీ, జాలీల మీద ఒక రకం బ్యాక్టీరియా పలచటి జిగురు పొరలా పట్టి ఉంటుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మోతాదు మరీ పెరిగితే తప్ప చేపకు పెద్దగా హాని లేదు. మొక్కలకైతే అది ఎరువు. కొత్త కొలనులో ఈ రెండు రకాల బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్‌ను నల్లా కింద కడిగితే, గోడల పొరను బ్లీచింగ్‌తో తోమితే, ఆరు వారాల పని ఒక్క పూటలో కాలవలో కలుస్తుంది. చేపలు మాత్రం ఎప్పటిలాగే తింటాయి, ఎప్పటిలాగే అమ్మోనియా వదులుతాయి. దాన్ని మార్చేవాళ్లే ఇక లేరు. పెరుగు గిన్నె తోమేముందు తోడుకు ఒక చెంచా తీసి పెట్టుకునే ఇల్లాలికి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక్కడ మన ఊరి వాతావరణం చేసే కీడు కూడా చెప్పాలి. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, ఒకటి మొప్పల్ని కాల్చేది. ఏది ఎంత ఉంటుందో నీటి వేడి, పీహెచ్ తేలుస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం 1 శాతంలోపే. పీహెచ్ 8కి వస్తే 7, 8 శాతం. 9కి ఎక్కితే 40 శాతం దాటుతుంది. కొలను నీరు పచ్చగా ఉంటే, ఎండకు నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది కాబట్టి, పొద్దున 8 ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి 9 దగ్గరికి చేరగలదు. అంటే పొద్దున ఏ తేడా కనిపించని నీరే మధ్యాహ్నం రెండింటికి చేపను చంపగలదు. అమ్మోనియా కిట్‌తో పరీక్ష పొద్దునొకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయాలని, పక్కనే పీహెచ్ కూడా రాసుకోవాలని అనేది ఇందుకే. కిట్‌లో రంగు ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. నడుస్తున్న కొలనులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి.

మరి నీళ్లు మార్చడం ఎందుకు? బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చి ఆగిపోతుంది. ఆ నైట్రేట్‌ను బయటికి పంపాల్సింది మనమే. ఇంకోటి కూడా ఉంది. ఎండాకాలం కొలను నుంచి రోజూ కొంత నీరు ఆవిరైపోతుంది. ఉప్పులు, సున్నం, నైట్రేట్ ఆవిరి కావు, మిగిలిన నీటిలో చిక్కబడతాయి. తగ్గినంత నింపుకుంటూ పోతే కొలను నిండుగానే కనిపిస్తుంది, లోపల నీరు మాత్రం నెలనెలా బరువెక్కుతుంది. నింపడం వేరు, మార్చడం వేరు.

ఎంత మార్చాలో తెలియాలంటే కొలనులో ఎంత ఉందో తెలియాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చిన దాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, నాలుగు లోతు ఉన్న కొలనులో సుమారు 9,000 లీటర్లు పడతాయి. వారానికి పదో వంతు, అంటే 900 లీటర్లు మార్చితే సాధారణంగా సరిపోతుంది. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి అనుకోండి. లోతు నాలుగు అడుగులైతే నీటిమట్టం ఐదు అంగుళాలు కూడా దిగదు. గోడ మీద ఆ మట్టానికి ఒక గీత గీసి పెట్టుకుంటే పనివాడికి చెప్పడం తేలిక, గీత దాటి తోడొద్దని. నెలకు 3,600 లీటర్లు అవుతుంది. 2021 జనవరి నుంచి నగరంలో అమల్లో ఉన్న నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటిలో ఇది ఐదో వంతుకు కొంచెం తక్కువ. పొరుగింటి వాళ్లు ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో ఈ లెక్క కొంచెం గుచ్చుకోవాలి కూడా. కొలను కట్టే ముందే వేసుకోవాల్సిన లెక్క ఇది.

నిజానికి నీటి అవసరం మేత డబ్బా దగ్గరే పుడుతుంది. ఐదు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. చుట్టాలొచ్చినప్పుడల్లా పిల్లలు మరమరాలు, బ్రెడ్డు ముక్కలు విసరడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కోయి ఎంత వేసినా తింటుంది, దానికి చాలు అనడం తెలియదు. వేసిన ప్రతి గుప్పెడూ నీటిలో అమ్మోనియాగా తేలుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏ నీళ్లు పోయాలి? మన ఇళ్లకు మూడు దారుల్లో నీళ్లొస్తాయి. మూడింటికీ మూడు గుణాలు.

నల్లా నీళ్లలో, అవి కృష్ణా నుంచి వచ్చినా జంట జలాశయాల నుంచి వచ్చినా, క్లోరిన్ ఉంటుంది. ఉండాలి కూడా. తాగునీటి భారత ప్రమాణం ప్రకారం ఇంటి దగ్గరికి చేరిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు కలరా రాకుండా కాపాడే ఆ మోతాదే చేప మొప్పల్ని కాలుస్తుంది. అంతకన్నా తక్కువలోనూ హాని మొదలవుతుంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ అది వదలదు. రెండు దారులున్నాయి. ఒకటి, నీటిని మూత లేని డ్రమ్ముల్లో, ఎండ తగిలేలా, వీలైతే ఒక గాలి గొట్టం పెట్టి ఒక రోజు ఉంచడం. సంపులో ఉంచితే చాలుగా అంటారు. మూసిన సంపులో చీకటి, గాలి ఆడదు, క్లోరిన్ తొందరగా పోదు. రెండోది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. ఆక్వా మందుల దుకాణాల్లో దొరికే చౌక గుళికలు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న వెయ్యి లీటర్ల నీటికి సుమారు 7 గ్రాములు చాలు. ట్యాంకులోనే కలిపి, కలియబెట్టి, క్లోరిన్ పోయిందని చూసుకుని అప్పుడు కొలనులోకి వదలాలి. ఎలా తెలుస్తుంది? నల్లా నీళ్లు పరీక్షించడానికి జలమండలి, ఆరోగ్య శాఖ సిబ్బంది వాడే క్లోరోస్కోప్ డబ్బా చూసే ఉంటారు. గాజు గొట్టంలో నీరు పోసి చుక్కలు వేస్తే పసుపు తిరుగుతుంది. ఎంత పసుపైతే అంత క్లోరిన్. రంగు మారకపోతే కొలనుకు పనికొస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వీడియో కాల్‌లో సలహా ఇస్తారు కాబట్టి ఒక మాట. అక్కడ చాలా నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారు. అది ఎండలో పెట్టినా రోజులో పోదు. హైపో వేస్తే క్లోరిన్ భాగం పోతుంది, అమ్మోనియా మిగులుతుంది, దానికి వేరే మందు వేయాలి. వాళ్ల సలహా వాళ్ల నల్లాకు సరైనదే, మన నల్లాకు అంత హంగామా అక్కర్లేదు.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి చాలామంది నేరుగా వదిలేస్తారు. లోతులోంచి వచ్చిన నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. తోడగానే పీహెచ్ తక్కువ చూపి, గాలి తగిలాక పెరుగుతుంది. మన గ్రానైట్ నేల నీరు సాధారణంగా గట్టి నీరు. కోయికి గట్టి నీరు ఇబ్బంది కాదు, పైగా పీహెచ్ ఉన్నట్టుండి పడిపోకుండా కాపాడుతుంది. ఇబ్బంది నైట్రేట్‌తోనే. మురుగు ఇంకే కాలనీల్లో బోరు నీటిలోనే నైట్రేట్ నిండి ఉంటే, దాన్ని తీసేయడానికని ఆ నీరే పోయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. బోరు నీళ్లను కూడా డ్రమ్ముల్లో గాలి గొట్టంతో కొన్ని గంటలు తిప్పి, లేదా జల్లు రూపంలో పై నుంచి పడేలా వదలాలి. పాత హవేలీల హౌజుల్లో, చౌమహల్లా ప్యాలెస్ ముందున్న హౌజులో ఫౌంటెన్లు పెట్టింది అందానికే కావచ్చు, నీటికి గాలి అందించే పని మాత్రం అవి చేస్తూనే వచ్చాయి.

ట్యాంకర్ నీళ్లు ఎక్కడివో డ్రైవర్ చెప్పిందే లెక్క. వాటిని నల్లా నీళ్లలాగే అనుమానించి పరీక్షించాలి.

వేడి సంగతి ఒకటుంది. మే నెలలో మేడ మీది నల్ల ట్యాంకులో మధ్యాహ్నం నీరు చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. ఆ నీటిని గొట్టం పెట్టి కొలనులోకి వదిలితే చేపకు ఒక్కసారిగా వేడి దెబ్బ తగులుతుంది. కొలను నీటికి, పోసే నీటికి మధ్య రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

నల్లా గొట్టాన్ని నేరుగా కొలనులో ముంచి పెట్టి మరచిపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోయి పెంచేవాళ్ల ప్రపంచంలో చేపలు మూకుమ్మడిగా చనిపోయే కారణాల్లో ఇదొకటి. గంటలోనో రెండు గంటల్లోనో కొలనంతా క్లోరిన్ నీరవుతుంది. హైదరాబాద్‌లో దీనికి ఇంకో ముప్పు తోడవుతుంది. మనకు నల్లా ఇరవై నాలుగు గంటలూ రాదు. నీళ్లు ఆగినప్పుడు, లేదా వీధిలో ఎవరో నల్లాకే మోటారు బిగించి లాగుతున్నప్పుడు, పైపులో వెనక్కి పీల్చే ఒత్తిడి పుడుతుంది. గొట్టం కొస నీటిలో మునిగి ఉంటే కొలను నీరు పైపులోకి వెళ్లి, మీ ఇంట్లోనో పక్కింట్లోనో తాగే బిందెలోకి చేరుతుంది. గొట్టం కొస ఎప్పుడూ నీటిమట్టానికి జానెడు ఎత్తున ఉండాలి. ట్యాంకులో సిద్ధం చేసిన నీటిని మోటారుతో వదిలే అలవాటు చేసుకుంటే ఈ రెండు గండాలూ తప్పుతాయి.

పని ఎప్పుడు పెట్టుకోవాలి? తెల్లవారుజామున వద్దు. రాత్రంతా నాచూ చేపలూ బ్యాక్టీరియా అన్నీ ప్రాణవాయువును పీలుస్తాయి, సూర్యుడు వచ్చేదాకా తయారయ్యేది లేదు. కాబట్టి తెల్లవారే వేళకు అది అట్టడుగుకు పడిపోతుంది. ఎండ వచ్చి ఒకటి రెండు గంటలయ్యాక, వేడి ముదరకముందు మొదలుపెట్టాలి. ముందురోజు సాయంత్రం నుంచే మేత ఆపాలి. మొదట అడుగు మురికి, తర్వాత ఫిల్టర్, చివరికి కొత్త నీరు. మూడూ ఒకే రోజు పూర్తిగా చేయాలనే పట్టుదల వద్దు.

అడుగున పేరుకున్న మేత, రెట్టలు, రాలిన వేపాకు కుళ్లి నల్లటి బురద అవుతుంది. దాన్ని చీపురుతో కెలికితే కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చే వాయువే చేపకు ప్రమాదం, కెలకగానే నీటిలో ప్రాణవాయువు కూడా పడిపోతుంది. అందుకని గొట్టంతో పీల్చి బయటికి పంపాలి, కెలకకూడదు. పెరడు నేల కొలను అడుగుకన్నా దిగువన ఉంటే సైఫన్ చాలు. గొట్టాన్ని నోటితో పీల్చి మొదలుపెట్టొద్దు. గొట్టం నిండా నీరు నింపి రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి దించితే సరిపోతుంది. వాలు లేకపోతే చిన్న టుల్లు పంపుకు జాలీ కట్టి వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి ముట్టని బురదైతే ఒక వారం ఒక మూల, మరో వారం ఇంకో మూల. కొత్తగా కట్టేవాళ్లు అడుగును మధ్యకు వాలుగా పెట్టించి, అక్కడ నాలుగంగుళాల డ్రెయిన్ పైపు వేయించుకుంటే ఈ బాధ సగం పోతుంది. మేస్త్రీలు సాధారణంగా సంపులాగే బల్లపరుపుగా కట్టేస్తారు, దగ్గరుండి చెప్పాలి.

ఫిల్టర్ విషయంలో సూత్రం చిన్నదే. తోడిన కొలను నీటినే ఒక టబ్బులోకి పట్టి, స్పాంజీల్ని అందులో ముంచి రెండుసార్లు పిండి, తిరిగి పెట్టేయాలి. గోధుమరంగు కొంత మిగిలితే మంచిదే. ఈసారి సగం, పదిహేను రోజుల తర్వాత మిగతా సగం. కడిగేటప్పుడు అవి ఎండలో ఆరకూడదు. పంపు ఎక్కువసేపు ఆగినా ప్రమాదమే. ఫిల్టర్ డబ్బాలో నిలిచిన నీటిలో ప్రాణవాయువు అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది, కరెంటు రాగానే ఆ కుళ్లు నీరంతా కొలనులోకి వస్తుంది. గంటల తరబడి కరెంటు పోయి వస్తే, మొదట వచ్చే నీటిని బయటికి వదిలేయాలి. ఇంటి ఇన్వర్టర్ మీద పెద్ద పంపు నడవకపోయినా చిన్న గాలి పంపు నడుస్తుంది, దాన్ని నడిపించాలి.

గోడ పగిలిందనో లీకేజీ అనో కొలను పూర్తిగా ఖాళీ చేయక తప్పని సందర్భాలుంటాయి. అప్పుడు ఆ కొలను నీటినే పెద్ద టబ్బుల్లోకి తోడి, నీడలో పెట్టి, గాలి గొట్టం వేసి, పైన వల కట్టి చేపల్ని ఉంచాలి. వల కట్టకపోతే కోయి ఎగిరి బయట పడుతుంది. పెద్ద చేపను వలలో పైకి లేపితే దాని బరువుకే పొలుసులు ఊడతాయి. వలతో ఒక పక్కకు తోలి, నీటితో సహా గిన్నెలోకి తీసుకోవాలి, ముట్టుకుంటే తడి చేతులతోనే. స్పాంజీలు కూడా అదే నీటిలో, గాలి గొట్టం పక్కనే ఉండాలి. గోడలకు సబ్బు, సర్ఫు తగలనీయొద్దు. సిమెంటు పని చేయిస్తే ఇంకో చిక్కు. కొత్త సిమెంటులోంచి సున్నం దిగుతుంది, పీహెచ్ పది దాటిపోతుంది. కొన్నిసార్లు నింపి, రోజులు ఉంచి, వదిలేసి, పీహెచ్ 8.5 కిందికి వచ్చి నిలబడ్డాకే చేపల్ని వదలాలి.

మన ఇళ్లలో చేతికందే మందులు కొన్ని ఉన్నాయి, చేప ఉన్న నీటిలో అవి పడకుండా చూసుకోవాలి. బ్లీచింగ్ పౌడర్ సంగతి చెప్పాను. నీరు తేటపడాలని పటిక తిప్పుతారు. అది నీటికున్న నిలకడను హరించి పీహెచ్‌ను కిందికి లాగుతుంది. నాచు చావాలని మైలుతుత్తం వేస్తారు. రాగి మొప్పలకు విషం, పైగా ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లి ప్రాణవాయువును తినేస్తుంది. పచ్చటి నీరు చూడటానికి బాగోకపోవచ్చు, చేపకు దానంతట అది శత్రువు కాదు. పైన నీడ వల కట్టి, మేత తగ్గిస్తే పచ్చదనం తగ్గుతుంది.

కళ్లుప్పు మాత్రం నిజంగా పనికొస్తుంది. నైట్రైట్ పెరిగినప్పుడు వెయ్యి లీటర్లకు ఒక కిలో చొప్పున, ఒక రోజు వ్యవధిలో కొంచెం కొంచెంగా కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ ఆ విషం మొప్పల్లోకి దిగకుండా అడ్డుపడుతుంది. కలువలుంటే వాటికి ఉప్పు పడదు. చేపల రైతులు అమ్మోనియాకు జియోలైట్ చల్లడం చూసి కొందరు ఫిల్టర్‌లో దాన్ని వేసుకుంటారు. అదీ మంచిదే. రెండూ కలిపితేనే కొంప మునుగుతుంది. ఉప్పు తగలగానే జియోలైట్ తాను పట్టి ఉంచిన అమ్మోనియా అంతా తిరిగి నీటిలోకి వదిలేస్తుంది. రెండు మంచి పనులు కలిసి ఒక చెడ్డ పని చేయడం ఇలాగే.

ఎండాకాలం రాత్రుల దగ్గరికి వద్దాం. నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువును పట్టుకోలేదు. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే, 32 డిగ్రీల నీరు 7 దగ్గరే ఆగిపోతుంది. చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. కొల్లేరు రైతులు వేసవిలో తెల్లవారకముందే ఏరేటర్లు తిప్పేది ఇందుకే. మబ్బు పట్టిన రోజు మరుసటి తెల్లవారుజాము మరీ ప్రమాదం, ఎందుకంటే పగలు నాచు తయారు చేసిందే తక్కువ. చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే మేత ఆపి, గాలి పంపులన్నీ తిప్పి, శుద్ధి చేసి ఉంచిన నీటితో పావు వంతు దాకా మార్చవచ్చు. పూర్తిగా మార్చేస్తే బతికిన చేపను కొత్త దెబ్బ కొట్టినట్టే.

వానాకాలం ముప్పు వేరు. కురిసిన వాన నీటికి పీహెచ్‌ను నిలబెట్టే గుణం దాదాపు ఉండదు, డాబా మీది నీరంతా గొట్టం ద్వారా కొలనులోకి వచ్చేలా పెడితే పీహెచ్ ఒక్క రాత్రిలో మారుతుంది. ఆ గొట్టాన్ని పక్కకు తిప్పాలి. ఇంతకన్నా పెద్దది వరద. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కంచన్‌బాగ్‌కు అది ఆనుకుని ఉన్నచోటే. అలాంటి నీటిలో మురుగూ డీజిలూ అన్నీ ఉంటాయి. కొలను అంచు పెరటి నేలకన్నా అడుగు, అడుగున్నర ఎత్తుగా కట్టుకుంటే వీధి నీరు అంత తొందరగా దిగదు, పాకే పసివాళ్లు పడే ప్రమాదమూ తగ్గుతుంది. పిల్లలున్న ఇంట్లో గట్టు ఒక్కటే చాలదు, పైన గట్టి జాలీ ఉండాలి.

మనుషుల సంగతి ఇంకాస్త. నీటిలో మునిగిన పంపు ఉన్నచోట చెయ్యి పెట్టేముందు స్విచ్ కట్టడం కాదు, ప్లగ్ పీకాలి. ఆ లైన్‌కు ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెగే ఆర్‌సీసీబీ పెట్టించాలి. టేపు చుట్టిన వైరు జాయింటు తడి గడ్డిలో పడి ఉండటం మన పెరళ్లలో మామూలు దృశ్యం, అది చేపకన్నా ముందు మనిషిని తీసుకెళ్తుంది. చేతి మీద పుండు ఉంటే తొడుగు లేకుండా దిగొద్దు. చేపల నీటిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి నెలల తరబడి మానని గడ్డలు తెస్తుంది, అలాంటివి వస్తే కొలను సంగతి డాక్టర్‌కు చెప్పాలి. దోమల భయంతో కొలను మూయాల్సిన పనిలేదు, దోమ పిల్లల్ని కోయి తినేస్తుంది. క్లోరిన్ పోవాలని పెట్టి మరచిపోయిన డ్రమ్ములు, వాడని ఫిల్టర్ డబ్బాలే డెంగీ దోమకు ఇళ్లు. ఒక రోజు కాగానే వాడేయాలి, లేదా దోమతెర గుడ్డ కట్టాలి.

తోడిన నీటిని వీధిలోకి వదలకండి. అందులో ఉన్నది నైట్రేట్, జామకూ మల్లెకూ అదే కావాలి. ఉప్పు వేసిన వారం మాత్రం మొక్కలకు పోయకూడదు, మురుగు లైన్‌లోకే పంపాలి.

అద్దాలూ గోడలూ నాకి శుభ్రం చేస్తుందని అంగట్లో క్లీనర్ చేప అంటగడతారు. ఒంటి నిండా గట్టి పలకలున్న ఆ చేప పెరిగి, రాత్రిళ్లు కోయిని పట్టి దాని ఒంటి జిగురును గీకుతుంది. విసిగిపోయిన యజమానులు దాన్ని దగ్గర్లోని చెరువులో వదులుతారు. ఇప్పుడు ఆంధ్ర చెరువుల్లో, కాలువల్లో వలలు కోసి రైతుల్ని ఏడిపిస్తున్న దెయ్యపు చేప ఇదే. తూర్పు కనుమల నీటివనరుల్లోనూ అది పాకిపోయిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్లతో గుర్తించారు. కోయినీ మీర్ ఆలం చెరువులోనో గుర్రం చెరువులోనో వదలొద్దు. దాని ఒంట్లో ఉన్న రోగాలు అక్కడి బంగారు తీగకు నేరుగా అంటుకుంటాయి. ఉంచుకోలేకపోతే కొలనున్న మరో ఇంటికో, కొన్న దుకాణానికో ఇవ్వాలి. ఇచ్చే ముందు రెండు రోజులు మేత ఆపి, సంచిలో మూడో వంతు కొలను నీరు, మిగతాది ప్రాణవాయువు నింపి, తడి గోనె చుట్టి పంపితే చేప దారిలో నలగదు. తీసుకునేవాళ్లు దాన్ని నెల రోజులు వేరే టబ్బులో ఉంచాకే తమ చేపలతో కలపాలి.